కంచుకంఠానికి ఐదింటికి ఐదు

మేడమీది గది, పడకకుర్చీ నుండి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన చెల్లెలికి, అన్నయ్య అనేక ఆశీస్సులతో వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీవూ బావగారూ క్షేమమని తలుస్తాను. తేదీ వేయలేదని ఆక్షేపించకు. కాలు చాపుకొని కూర్చున్న మనిషికి అన్ని రోజులూ ఒక్కటే.

నీ ఉత్తరం అందింది. అందులో ఏడు తప్పులున్నాయి. ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే మడిచి పెట్టాను. ‘ఎవర్ని ఫాలో అవ్వాలో తెలీక తల బద్దలైపోయింది’ అని వ్రాశావు. తల బద్దలైన మనిషి రెండు పేజీల ఉత్తరం వ్రాయలేదు కనుక దాన్ని అతిశయోక్తిగా భావించి వదిలివేశాను.

విషయానికి వస్తాను. నీకు రక్తపోటు ఉన్నదనీ, బరువు తగ్గమనీ ఉప్పు తగ్గించమనీ డాక్టరు చెప్పాడనీ వ్రాశావు. దుకాణంలో నీతోపాటు కుట్టే ఇద్దరూ రోజుకొక ఆరోగ్య ప్రబోధకుణ్ణి ఫోనులో చూపిస్తున్నారనీ, ఒకరు పొద్దున అమృతమన్నదాన్ని మరొకరు సాయంత్రానికి విషమంటున్నారనీ వాపోయావు. ‘నువ్వు ముప్పై నాలుగేళ్ళు జవాబుపత్రాలు దిద్దినవాడివి. ఎవరు చదివి చెప్తున్నారో, ఎవరు పక్కవాడి కాగితం చూసి చెప్తున్నారో నీకు తెలియదా? నాకొక్కరిని ఎంచి పెట్టు’ అని అడిగావు. అడగవలసినవాణ్ణే అడిగావు.

మోకాలి శస్త్రచికిత్స జరిగిన నాటి నుండి మూడు నెలలు ప్రయాణం కూడదన్నారు. కాలికి సంబంధించిన వ్యాయామాలు చూసి చేయమని మా అబ్బాయి ఈ ఫోను చేతిలో పెట్టాడు. నేను ఒక్క మోకాలు చూడబోతే అది నూరుగురు కండలవీరులను చూపించింది. కనుక సామగ్రికి కొదవ లేదు.

నా పద్ధతి ఇది. పదకొండుగురిని ఎంచుకున్నాను. ప్రతి ఒక్కరికీ వారి వీడియో కింద ఐదు ప్రశ్నలు పంపుతాను. అరవై దాటిన స్త్రీ ఉప్పును ఎలా తగ్గించుకోవాలి? ఉప్పుకు బదులు ఏదైనా వాడవచ్చునా? రోజంతా కూర్చొని పనిచేసేవారు ఎంత నడవాలి? మాంసకృత్తులు ఎంత తినాలి? నెలకు ఎంత బరువు తగ్గితే క్షేమం? ప్రశ్నకు ఒక మార్కు. గడువు పది రోజులు. నియమాలు నా తరగతిలో ఉన్నవే: జవాబు వ్రాయని ప్రశ్నకు సున్న. ప్రశ్నపత్రం మీద అభ్యర్థులకు కలిగే సందేహాలకు పరీక్షకుడు జవాబివ్వడు.

ఫోను చేయకు. నా ఎడమ చెవి పదవీ విరమణ చేసింది, కుడిది సెలవు చీటీ వ్రాసుకొని కూర్చుంది. ఉత్తరమే వ్రాయి, శుభ్రంగా వ్రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య

*

కుట్టు దుకాణం, కత్తిరింపు బల్ల మీద నుంచి

అన్నయ్యకు నమస్కారాలు.

నువ్వు దిద్ది పంపిన కాగితం చూసి మా ఆయన ‘ఉత్తరానికి గాయాలయ్యాయే, కట్టు కట్టించుకు రానా?’ అన్నారు. ఈసారి తప్పులు తగ్గించే రాస్తున్నాను. ఉంటే దిద్దుకో, పంపకు.

నీ పరీక్ష సంగతి దుకాణంలో చెప్పాను. ఇక్కడ నాతో కుట్టేది ఇద్దరే కదా. బట్ట కత్తిరించే ఆవిడని మేం పెద్ద కత్తెర అంటాం, ఆవిడ నోరూ కత్తెరే. గుండీలు, కాజాలు కుట్టే డెబ్బై ఏళ్ళావిడ బొత్తాల పిన్ని. ఆవిడకి చదువు రాదు కానీ చదువుకున్నవాళ్ళంటే దేవుళ్ళకింద లెక్క.

‘మాస్టారు పరీక్ష పెడుతున్నారట’ అన్నాను.

‘ఎవరికి? ఆ అద్దం ముందు చొక్కా విప్పేవాడిక్కూడానా?’ అంది పెద్ద కత్తెర. ‘వాడు హాల్‌టికెట్టు మీద కూడా చొక్కా లేకుండానే ఫొటో దిగుంటాడు.’

‘నాకు ఆ మిక్సీ పిల్లే నచ్చింది’ అంది పిన్ని. ‘కనిపించిందల్లా మిక్సీలో వేసి తాగేస్తుంది. మొన్న దోసకాయా, నిన్న బీట్‌రూటూ. రేపు మనం ఎదురుపడితే మనల్నీ వేసేస్తుందేమో.’

‘మనం పట్టంలే పిన్నీ, అందుకేగా బరువు తగ్గమంటున్నారు’ అంది పెద్ద కత్తెర. ఆ నవ్వుల్లో ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. మొత్తం విప్పాల్సి వచ్చింది.

అన్నయ్యా, నీ పదకొండు మందితో పాటు ఇంకో పిల్లని కూడా పరీక్షకి కూర్చోబెట్టు. ఏదో చిన్న ఆసుపత్రిలో రోగులకి ఏం తినాలో చెప్పే ఉద్యోగమట. ఫోను ఏ సీసాకో ఆనించి పెడుతుంది కాబోలు, మధ్యలో జారి పడిపోతుంది, పాపం ఆ పిల్ల ‘అయ్యో’ అంటూ వచ్చి నిలబెడుతుంది. మాటకి ముందు ‘ఏమోనండీ, ఇది అందరికీ పడదు’ అంటుంది. అందుకని ఏమో అమ్మాయి అని పేరు పెట్టాం. చూసేవాళ్ళు రెండొందల మంది కూడా లేరు. నాకెందుకో ఆ పిల్ల మొహం బాగుంది.

డాక్టరు ఉప్పూ బరువూ కాక ఇంకోటేదో కూడా అన్నాడులే. అదంత పెద్ద విషయం కాదు.

నీ మోకాలు జాగ్రత్త. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

మేడమీది గది నుండి

చిరంజీవి చెల్లెలికి ఆశీస్సులు.

ఫలితాలు వెలువడ్డాయి.

పన్నెండుగురిలో ఏడుగురు గైర్హాజరు. వారిలో ఒకడు జవాబుకు మారుగా ముకుళించిన చేతుల బొమ్మ ఒకటి, మంట బొమ్మలు మూడు పంపాడు. మంట ఎక్కడో నాకు బోధపడలేదు. మరొకామె రెండు ప్రశ్నలకు జవాబిచ్చి మానుకున్నది. మిక్సీ అమ్మాయికి మూడు. అద్దం ముందు చొక్కా విప్పేవాడు నాలుగు వ్రాశాడు కానీ ఆ వాక్యాలు మిక్సీ అమ్మాయి వాక్యాలే, చివరికి ఆమె చేసిన లెక్క తప్పుతో సహా. ఇన్నేళ్ళ తరువాత కూడా నా కన్ను ఎత్తివ్రాతను పసిగడుతుంది! అతణ్ణి పరీక్ష నుండి బహిష్కరించాను.

నీవు చెప్పిన ఏమో అమ్మాయిని కూడా కూర్చోబెట్టాను. నడక గురించీ బరువు గురించీ చక్కగానే వ్రాసింది. తక్కిన మూడింటికి ‘ఇలా చెప్పలేను మాస్టారూ’ అన్నది. ఇంకా ఏదో వ్రాసింది, అది జవాబు కాదు కనుక పరిగణించలేదు. ఐదింటికి రెండు. చెప్పలేనివారు చెప్పే పనికి పూనుకోనేకూడదని నా అభిప్రాయం.

ఇక ప్రథముడు. నీవు ఇతణ్ణి చూశావో లేదో, వెనుక పుస్తకాల బీరువా ఉంటుంది, తెల్లని దుస్తులు, నిండైన విగ్రహం. నేను కంచుకంఠమని పిలుచుకుంటున్నాను. నా కుడిచెవికి ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించిన ఏకైక వ్యక్తి. ఐదు ప్రశ్నలకూ, ఒక్కటి విడువకుండా, ప్రత్యేకంగా ఒక వీడియోలోనే జవాబిచ్చాడు. ‘ఒక గురువర్యులు అడిగారు’ అంటూ ఆరంభించాడు. ఆ మాట మార్కులపై ప్రభావం చూపలేదని వేరే చెప్పనక్కరలేదు. తడబాటు లేదు, నసుగుడు లేదు. ఐదింటికి ఐదు.

అతని ఉపదేశాలను వేరొక కాగితం మీద సాపు వ్రాసి, సంతకం చేసి పంపుతున్నాను. అందులో ముఖ్యమైనది నాలుగవది: వంటలో మామూలు ఉప్పును పూర్తిగా మానివేసి, అతడు తయారుచేయించే బదులు ఉప్పును వాడవలెను. రుచికి రుచి ఉంటుంది, రక్తపోటు దిగుతుంది. దానితోపాటు రోజుకు రెండు లోటాల పండ్లరసం.

ఒక్కరినే అనుసరించు. పదిమంది మాట విన్న ఇల్లు పదిమంది వండిన కూర వంటిది, ఉప్పూ కుదరదు, పులుపూ కుదరదు.

అన్నయ్య

*

కుట్టు దుకాణం నుంచి

అన్నయ్యకు నమస్కారాలు.

నీ కాగితం గోడకెక్కింది. పెద్ద కత్తెర దాన్ని కొలతల పట్టిక పక్కన అంటించింది. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద నీ సంతకం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళంతా ముందు అది చదువుతున్నారు, తర్వాత చెయ్యి చాపుతున్నారు. మొన్న ఒకావిడ జాకెట్టు తీసుకెళ్ళడం మర్చిపోయి కాగితం మాత్రం ఫొటో తీసుకెళ్ళింది.

‘ఇప్పుడు మీ అన్నయ్యకే ఫాలోయర్లు వచ్చేశారు’ అన్నారు మా ఆయన.

పిన్నికి నాలుగుసార్లు చదివి వినిపించాను. ‘మాస్టారు రాత కదే, ఊరికే రాస్తారా?’ అని ఆవిడ కూడా బదులు ఉప్పు తెప్పించుకుంది. ఆవిడకీ బీపీ మాత్రలు ఉన్నాయిగా. డబ్బా మీద కంచుకంఠం బొమ్మ ఉంది, చేతులు కట్టుకుని. పిన్ని ఆ డబ్బాని పొయ్యి దగ్గర అటు తిప్పి పెట్టుకుంటోందట. ‘మగవాడి బొమ్మ ఎదురుగా ఉంటే వంట చెయ్యడానికి సిగ్గే’ అంటోంది.

నేను రెండు కేజీలు తగ్గాను అన్నయ్యా. బీపీ కూడా కాస్త దిగింది. కుర్చీ నుంచి లేస్తే మోకాళ్ళు పట్టేసేవి, ఇప్పుడు లేదు. కంచుకంఠం పొద్దున ఆరింటికి మాట్లాడతాడు. ఆ గొంతు వింటూ నడుస్తుంటే నువ్వే పక్కన నడుస్తూ తిడుతున్నట్టు ఉంటుంది. పండ్లరసం రెండు లోటాలూ వదలకుండా తాగుతున్నాను.

ఏమో అమ్మాయి వీడియోలు మానేశాను. నువ్వు తప్పించావు కదా. మొన్న ఒకటి కనబడితే వేలితో పైకి తోసేశాను. తోశాక కాస్త బాధేసింది.

నీ చెల్లి

*

మేడమీది గది నుండి

చిరంజీవి చెల్లెలికి ఆశీస్సులు.

చాలా సంతోషం. ఫలితం పద్ధతిని సమర్థించింది. నా కాగితం గోడకెక్కిన సంగతి మీ వదినకు చదివి వినిపించాను. ‘ఇంట్లో గోడలు ఖాళీగానే ఉన్నాయి, ఇక్కడా ఒకటి అంటించండి’ అన్నది. అది వెటకారమో ప్రశంసో ఇంకా తేలలేదు. నీ దుకాణానికి వచ్చేవారికి అవసరమైతే మరో రెండు ప్రతులు వ్రాసి పంపుతాను.

ఒక్క ఆక్షేపణ. నీ దస్తూరి చెడిపోతున్నది. ఈ ఉత్తరం రెండవ పేజీలో పంక్తులన్నీ కుడివైపుకు జారి, గుడి తిరగవలసిన చోట గుడి తిరగలేదు. చిన్ననాడు నీ చేయి పట్టుకొని దిద్దించినవాణ్ణి, నాకు బాధ కలిగింది. సన్నని సూదిలో దారం ఎక్కించే చేతికి కలం బరువా? రోజుకు ఒక పేజీ చూచివ్రాత వ్రాయి.

అన్నయ్య

*

ఇంటి నుంచి

అన్నయ్యా,

చూచివ్రాత రాయలేదు. కోప్పడకు. చెయ్యి కాస్త తిమ్మిరిగా ఉంటోంది. దారం ఎక్కించడానికి పెద్ద కత్తెరని అడుగుతున్నాను. మిషను తొక్కుతుంటే కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. రెండు రోజులు దుకాణానికి వెళ్ళలేదు.

బరువు తగ్గుతున్నందువల్లేనేమో. కంచుకంఠం ఏమైనా చెప్పాడేమో చూసి రాయి. ఇంకో లోటా రసం తాగమంటావా?

చెల్లి

*

మేడమీది గది నుండి

చిరంజీవి చెల్లెలికి,

నీ ఉత్తరం చేరగానే నీ లక్షణాలన్నీ వరుసగా వ్రాసి కంచుకంఠాన్ని అడిగాను. గంటలో జవాబు వచ్చింది. ‘గురువర్యా, విచారించకండి. ఏళ్ళ తరబడి పేరుకున్న ఉప్పు శరీరాన్ని వీడుతున్నది. ఆ బలహీనత శుద్ధికి చిహ్నం. ఏదీ ఆపవద్దు’ అన్నాడు. ఇరవై నాలుగు వేలమంది దానికి మెచ్చుకోలు తెలిపారు.

కనుక ధైర్యంగా ఉండు, ఆపకు. అయినా నీ ఉత్తరం అర పేజీ కూడా లేకపోవడం నాకు నచ్చలేదు. ఒక్క తప్పు కూడా దిద్దలేదు ఈసారి. దిద్దబుద్ధి కాలేదు. వెంటనే జవాబు వ్రాయి.

అన్నయ్య

*

ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

అన్నయ్యకు నమస్కారాలు.

ఇది పెద్ద కత్తెర చేతిరాత. నేను చెప్తుంటే రాస్తోంది. తప్పులు నావి కావు. (నావీ కావు మాస్టారూ, పెన్నువి. — పెద్ద కత్తెర.)

ముందే చెప్తున్నాను, ఇప్పుడు బాగున్నాను. నువ్వు మోకాలు పట్టుకుని బయలుదేరకు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు గడప దాటబోయి కూలబడిపోయాను. లేద్దామంటే కాళ్ళు మాట వినలేదు. గుండె ఒకసారి కొట్టుకుని, రెండోసారి కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు అనిపించింది. మా ఆయన ఎవరి ఆటోనో ఆపి తీసుకొచ్చారు. ఇక్కడ తీగలు పెట్టి, సూదులు గుచ్చి, రాత్రంతా పక్కనే ఉన్నారు. ఇంకో పూట ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నారు.

డాక్టరమ్మ మా ఆయన్ని అడిగింది: ‘ఈ మధ్య తిండిలో ఏం మార్చారు?’

‘మంచివే మార్చామండీ. ఉప్పు మానేసింది, బదులు ఉప్పు వాడుతోంది, పళ్ళరసం తాగుతోంది.’

‘ఆ డబ్బా తెస్తారా?’

తెచ్చారు. వెనక సన్న అక్షరాల్లో ఉన్నది ఆవిడ చదివి తల పట్టుకుంది. అది ఉప్పే కానీ వేరే ఉప్పట అన్నయ్యా, పొటాషియంతో చేసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పరవాలేదట, ఒంట్లో ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి పంపేస్తాయట. నావి పంపలేవు. పైగా నేను వేసుకునే బీపీ మాత్ర కూడా దాన్ని లోపలే ఆపేసే రకమట. దానికి తోడు రోజుకి రెండు లోటాల రసం, అందులోనూ అదే.

‘మీ మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నాయని మీకు ఎవరూ చెప్పలేదా అమ్మా?’ అంది.

చెప్పారు. ఐదు నెలల కిందటే చెప్పారు. నేను మొదట్లో రాశాను చూడు, ఇంకోటేదో అన్నాడని, అదే. మా ఆయనకి కూడా చెప్పలేదు. నీకు రాస్తే, ఇన్నాళ్ళూ మంచినీళ్ళు తాగకుండా మిషను ముందు కూర్చున్నావు, చెప్తే విన్నావా అని నాలుగు పేజీలు రాస్తావు. ఆ నాలుగు పేజీలకి భయపడ్డాను. అరవై ఒక్క ఏళ్ళు వచ్చి అన్నయ్య తిడతాడని భయపడ్డాను. తప్పు నాదే.

మా ఆయనకి నీమీద కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది, పోయింది. నువ్వేమీ అనుకోకు.

చెల్లి

*

మేడమీది గది నుండి

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ‘ఆపకు’ అని వ్రాసిన చేయి నాది.

బయలుదేరుతానంటే మీ వదినా అబ్బాయీ మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డారు. నాలుగు మెట్లు దిగి, దిగలేక అక్కడే కూర్చున్నాను.

ముందుగా ఒక్క పని చేయించు. గోడ మీది ఆ కాగితాన్ని ఈ రోజే చింపించు. ఇంతకంటే వ్రాయడం ఇప్పుడు చేతకాదు.

అన్నయ్య

*

ఇంటి నుంచి, వరండాలో కుర్చీ మీద నుంచి

అన్నయ్యకు నమస్కారాలు.

ఇంటికొచ్చి వారమైంది. నా చేత్తోనే రాస్తున్నాను, వంకరగా ఉంటే ఉండనీ. మామూలు ఉప్పే, చాలా తక్కువగా. డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది, ఏ పళ్ళు తినొచ్చో ఏవి కూడదో. మిషను ఇంకో నెల వద్దంది.

నువ్వు రాసినట్టు కాగితం చింపెయ్యమని పెద్ద కత్తెరని పంపాను. వెళ్ళిందే కానీ ఉత్త చేతుల్తో వచ్చింది. ‘పిన్ని గోడకి అడ్డంగా నిలబడిందక్కా’ అంది. నిన్న నేనే నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళాను.

‘పిన్నీ, ఆ ఉప్పు వల్లే నేను చావబోయాను’ అన్నాను.

‘నీ కిడ్నీలు బాలేవు కాబట్టి నీకు పడలేదు. మాస్టారు తప్పు రాస్తారా? నాకు బానే ఉందిగా’ అంది.

‘నీ కిడ్నీలు ఎలా ఉన్నాయో నీకు తెలుసా?’

‘డెబ్బై ఏళ్ళుగా నాతోనే ఉన్నాయి, నాకు తెలీదా?’

‘ఆస్పత్రికి వచ్చి ఒక్కసారి చూపించుకో.’

‘సంతకం పెట్టి మరీ రాశారే అమ్మా. నువ్వు చింపమంటే చింపుతానా? ఆయన చెప్పాలి.’

నిన్న పిన్ని కాజా కుడుతుంటే రెండుసార్లు సూది జారి పడింది, అన్నయ్యా. వయసు వల్ల అంటోంది. నాకు భయంగా ఉంది. ఆ గోడ మీది కాగితాన్ని ఎంతమంది ఫొటో తీసుకున్నారో కూడా లెక్క లేదు.

నువ్వు ఒక్క ముక్క రాసి పంపు చాలు. ‘పాత కాగితం రద్దు’ అని సంతకం పెట్టు. కారణాలవీ రాయక్కర్లేదు. ఊళ్ళో నిన్ను అందరూ గౌరవిస్తారు, నువ్వు చిన్నబోవడం నాకిష్టం లేదు. మిగతాది నేనేదో సర్ది చెప్పుకుంటాను.

నీ చెల్లి

*

మేడమీది గది నుండి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన చెల్లెలికీ, ఆమెతో కలిసి కుట్టే బొత్తాల పిన్నిగారికీ, పెద్ద కత్తెరగారికీ, ఆ దుకాణంలో నా కాగితం చదివిన ప్రతి ఒక్కరికీ, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

ఒక్క ముక్క చాలునన్నావు. చాలదు. కారణం చెప్పని రద్దును ఎవరూ నమ్మరు. పిన్నిగారు అసలే నమ్మరు.

పిన్నిగారూ, మీరు నా సంతకాన్ని నమ్మారు. ఇప్పుడు అదే సంతకంతో చెబుతున్నాను. ఆ కాగితంలో నేను వ్రాసింది తప్పు. తెలియక వ్రాసిన తప్పు మాత్రమే కాదు, తెలుసుకునే అవకాశం చేతికి అందినా త్రోసివేసి వ్రాసిన తప్పు. అదేమిటో ఇంతవరకు నా చెల్లెలికి కూడా చెప్పలేదు.

ఆ పరీక్షలో ఏమో అమ్మాయి మూడు ప్రశ్నలకు జవాబివ్వలేదనీ, ‘ఇంకా ఏదో వ్రాసింది’ అనీ చెప్పి ఊరుకున్నాను. ఆమె వ్రాసింది ఇది. ఇప్పుడు ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాస్తున్నాను: ‘మాస్టారూ, ఇది ఎవరి కోసం అడుగుతున్నారు? ఆవిడ ఏ మాత్రలు వేసుకుంటున్నారు? మూత్రపిండాల పరీక్ష ఎప్పుడైనా చేయించారా? ఇవి తెలిస్తే తప్ప ఉప్పు సంగతి నేను చెప్పకూడదండీ. ఆవిడనే అడిగి రాయండి, నేను ఎదురుచూస్తాను.’

మూడు ప్రశ్నలు. వాటిని నా చెల్లెలికి పంపి ఉంటే, నాకు చెప్పడానికి భయపడిన సంగతి ఆ అమ్మాయికైనా చెప్పి ఉండేది. నేను పంపలేదు. అభ్యర్థి పరీక్షకుణ్ణి ప్రశ్నించడమేమిటని నాకు కోపం వచ్చింది. ఒకడు నన్ను గురువర్యా అన్నాడు, అతనికి ఐదు వేశాను. ఒకామె నన్ను ప్రశ్న అడిగింది, ఆమెకు రెండు వేశాను. పన్నెండుగురిలో నా చెల్లెలు ఎవరో, ఎలా ఉన్నదో తెలుసుకోవాలనుకున్నది ఆమె ఒక్కతే.

తానే పాఠం చెప్పి, తానే గైడు వ్రాసి, దాన్నే కొనమని పిల్లలను వేధించే ఉపాధ్యాయులను నేను జీవితమంతా ఏవగించుకున్నాను. కంచుకంఠం తన బొమ్మ వేసిన డబ్బాను తానే అమ్ముతున్నాడని తెలిసి కూడా నా కన్ను దాన్ని పట్టుకోలేదు. నా చెవికి అతని కంఠం హాయిగా ఉన్నది, అంతే. ఆమెది చిన్న గొంతు, నాకు సగమే వినపడింది. వినపడనిదాన్ని అజ్ఞానమనుకున్నాను.

జరిగినదంతా కంచుకంఠం వీడియో కింద వ్రాశాను. అరగంటలో అది మాయమైంది. మళ్ళీ వ్రాశాను. ఈసారి నేనే మాయమయ్యాను, అతని పుటలోకి నాకు ప్రవేశం లేదట. ఏమో అమ్మాయికి కూడా వ్రాశాను. ఆమె మూడు ప్రశ్నలకూ ఇన్నాళ్ళకు జవాబులు వ్రాసి, ఎందుకు ఆలస్యమైందో దాచకుండా చెప్పి, క్షమించమన్నాను. దెప్పిపొడుస్తుందనుకున్నాను. ‘ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ? నడుస్తున్నారా?’ అని మాత్రం అడిగింది. పిన్నిగారి సంగతి కూడా చెప్పాను. ‘సూది జారిందంటున్నారు కదా, ఆలస్యం వద్దండీ, నా జవాబు కోసం కూడా ఆగవద్దు’ అన్నది.

ఎవరిని అనుసరించాలని ఇకమీదట నన్ను అడగకండి. అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే. మీ మందుల చీటీ చూడకుండానే మీకు ఏమి కావాలో తెలిసినవారిని నమ్మకండి. నేను కూడా వారిలో ఒకణ్ణి.

చెల్లీ, నీవు దాచినందుకు తప్పు నీదే అన్నావు. చెల్లెలు తన ఒంట్లోని జబ్బును అన్నయ్యకు చెప్పడానికి భయపడితే, ఆ తప్పు చెల్లెలిది కాదు. నీ ఉత్తరాలలో నాకు నీ గుణింతాలు కనిపించాయి. పంక్తులు జారిపోతుంటే దస్తూరి చెడిందన్నాను. చేయి పట్టు తప్పుతున్నదని తెలుసుకోలేదు.

నేను చిన్నబోతానని నీవు బాధపడ్డావు. డెబ్బై ఏళ్ళావిడ నా సంతకాన్ని పట్టుకొని ఆ డబ్బాలోనిది వంటలో వేసుకుంటూ ఉంటే, ఇక్కడ నేను పెద్దగా కనిపించి ఏమి సాధించాలి?

పిన్నిగారూ, ఈ పూటే ఆ డబ్బా, మీ మాత్రలు, మీ చీటీ మూడూ సంచిలో వేసుకొని, పెద్ద కత్తెరగారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళండి. నన్ను గౌరవిస్తారని విన్నాను. ఆ గౌరవం నిజమైతే దాన్ని ఈ విధంగా చూపండి.

చెల్లీ, దీన్ని మాత్రం గోడకు అంటించకు. గోడ మీద ఉన్నదాన్ని మనుషులు సగం చదివి పూర్తిగా నమ్ముతారు. ఇతరుల ముందు నా మాటలు చదివేటప్పుడు నన్ను కాపాడుతూ, నాకు తలవంపులనుకున్న చోట నీవు మాటలు మింగేస్తావని నాకు తెలుసు. ఈసారి అలా చేయకు. ఇది అందిన వెంటనే మిషన్లన్నీ ఆపించి, పిన్నిగారిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, నా తప్పు ఉన్న చోట గొంతు ఏమాత్రం తగ్గించకుండా, ఈ ఉత్తరాన్ని అందరికీ వినబడేలా పైకి చదువు.